డాబా మీద సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?

మందు వద్దండీ. ఈ రోజు రాత్రి ఏడింటికి టార్చిలైటు పట్టుకుని డాబా ఎక్కండి. పూలు విరగబూస్తున్నాయి, పిందె వేలెడంత కాగానే పసుపెక్కి రాలుతోంది అని రాశారు. మీరు రోజూ పొద్దున్నే నీళ్ళు పోసి కిందికి దిగిపోతుంటారని నా అనుమానం. నేనూ ఏడాది పొడవునా అదే చేశాను.

మాది విజయవాడ. మూడంతస్తుల ఇల్లు, పైన డాబా మీద ముప్పై దాకా తొట్లు ఉన్నాయి. మొదటి ఏడు సొరపాదు పందిరంతా అల్లుకుంది. ఆకులు చేటలంత ఉండేవి. రోజూ ఆరింటికి వెళ్ళి నీళ్ళు పోసి, కొత్త పిందెలు లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగో రోజుకు కొన పసుపెక్కేది. ఆరో రోజుకు ముట్టుకుంటే చేతిలోకి వచ్చేసేది. ఆ సీజన్ మొత్తంలో ఒక్క కాయ కోయలేదు.

మందుల షాపుకు వెళ్ళి చెప్పుకుంటే ప్రతిసారీ ఒక సీసా చేతిలో పెట్టారు. పూత నిలవడానికి ఒకటి, పిందె నిలవడానికి ఒకటి, సూక్ష్మపోషకాలని ఇంకొకటి. ఒకసారి పండు ఈగకు ఎర డబ్బా ఇచ్చారు. అది మామిడి తోటల్లో కట్టేదని చాలా రోజులకు తెలిసింది. మామిడి మీది ఈగను లాగేది మిథైల్ యూజినాల్. సొర, బీర, కాకర, దోస మీద వాలే ఈగను లాగేది క్యూ లూర్. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపలి ఎర వేరు. డబ్బు పోయిందని కాదు నా బాధ. "పిందె ఎలా రాలుతోందమ్మా, పుచ్చు ఉందా, జిగురు కారుతోందా" అని ఒక్కరు కూడా అడగలేదు. ఆ రెండు ప్రశ్నలు అడిగితే సగం సీసాలు అమ్ముడుపోవు.

పండు ఈగ కుడితే పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క కనిపిస్తుంది, అక్కడ జిగురు బొట్టు ఉంటుంది, కాయ వంకర తిరుగుతుంది, కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు ఉంటాయి. గాటు, మచ్చ ఏమీ లేకుండా కొన నుంచి పసుపెక్కి ముడుచుకుపోతుంటే ఆ పిందెకు పుప్పొడి అందలేదని అర్థం. మీరు చెప్పింది రెండోదే.

రెండో ఏడు ఆగస్టులో ఒక రోజు రాత్రి ఏడు దాటాక కరెంటు పోయింది. బెజవాడ ఉక్కపోత సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఫ్యాను లేకుండా ఇంట్లో కూర్చోలేం. అత్తయ్యను చెయ్యి పట్టుకుని మెల్లగా డాబా మీదికి తీసుకెళ్ళి, పందిరి పక్కన కుర్చీ వేశాను. వీధంతా చీకటి. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాక పైకి చూస్తే పందిరి నిండా తెల్లగా సొరపూలు. ఒక్కొక్కటి అరచేయంత వెడల్పున విచ్చుకుని ఉంది. ఏడాదిగా సొర పెంచుతున్నాను, ఆ పూలను అలా ఎప్పుడూ చూడలేదు. పొద్దున నేను వెళ్ళేసరికి అవి వడలి, నలిగిన కాగితంలా ఉండేవి.

ఇంతలో చెవి పక్కనుంచి బుర్రుమని ఏదో వెళ్ళింది. చిన్న పిట్ట అనుకున్నాను. పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి, పొడవాటి తొండం లోపలికి దించింది. ఒక పువ్వు, ఇంకో పువ్వు, ఇంకోటి. పిట్ట కాదది, రాత్రిపూట పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే పెద్ద రెక్కల పురుగు. అత్తయ్యది రేపల్లె దగ్గర పల్లెటూరు. "మా పెరట్లో మాపటేళ ఇవే తిరిగేవి అమ్మాయ్, నీ పాదు మీద ఇప్పుడే చూస్తున్నా" అంది.

ఆ మాట పూర్తయిందో లేదో కరెంటు వచ్చింది. వాటర్ ట్యాంకు పక్కన మా వారు కట్టించిన ఫ్లడ్‌లైటు భగ్గుమని వెలిగింది. ఆ పురుగు పూలను వదిలేసి నేరుగా లైటు దగ్గరికి వెళ్ళిపోయింది. పది నిమిషాలు చూశాం. మళ్ళీ పందిరి వైపు రాలేదు, లైటు చుట్టూనే తిరుగుతూ గోడకు కొట్టుకుంటోంది. నాకు కడుపులో దేవినట్టయింది. ఏడాదిన్నరగా ప్రతి సాయంత్రం ఆరింటికి ఆ లైటు వేసింది నేనే.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా డాబా మీద ఒక లైటు, మెట్ల మీద ఒక లైటు, గేటు దగ్గర ఒక లైటు, తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. పట్నాల్లో సొర, పొట్ల కాయకపోవడానికి సగం కారణం ఈ లైట్లేనని నేను గట్టిగా నమ్ముతాను. దొంగల భయం ఉన్నవాళ్ళు కింద గేటు దగ్గర వేసుకోండి. పాదు ఉన్న డాబా మీద ఎందుకండీ?

ఆ మర్నాటి సాయంత్రం నుంచి లైటు బంద్. అంతటితో ఆగకుండా చేత్తో కూడా పుప్పొడి అద్దాను. అంతకుముందు వీడియోలు చూసి అద్దేదాన్ని గానీ, పొద్దున్నే, వడలిన పూలతో. ఆ వీడియోల్లో ఏ పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో చెప్పరు. గుమ్మడి పువ్వు మీద చేసి చూపించి, అన్ని పాదులకూ ఇదే పద్ధతి అంటారు. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. దోస, కాకర కూడా పొద్దుటివే. సొర, బీర సాయంత్రం పూస్తాయి. పొట్లపువ్వు అంచున తెల్లటి దారపు కుచ్చులు విప్పుకునేది చీకటి పడ్డాకే. బీర, నేతిబీర ఒకేలా ఉంటాయి కదా అనుకోకండి, నేతిబీర పొద్దున పూస్తుంది. దొండకు ఈ గొడవే లేదు, ఇళ్ళలో కొమ్మ నాటి పెంచే రకాలు పుప్పొడి లేకుండానే కాస్తాయి.

అద్దడం చాలా తేలిక. సన్నటి కాడ మీద ఉండేది మగపువ్వు, అడుగున బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వు. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకలు వెనక్కి విరిచి, మధ్యలో ఉన్న పొడి మీ వేలికి అంటుతోందో లేదో చూడండి. అంటితే దాన్ని ఆడపువ్వు నడిమి గుబ్బ మీద అన్ని వైపులా మెల్లగా తాకించండి. ఆ మొదటి రోజు ఐదు పిందెలకు అద్ది, గుర్తుకు ఎర్రదారం కట్టాను. నాలుగు నిలిచాయి. మూడో రోజుకే పిందె లేతాకుపచ్చగా, నూగుతో ఉబ్బడం మొదలైంది. పదమూడో రోజున మొదటి కాయ కోశాను. అత్తయ్య పాలు పోసి కూర వండింది.

నిలిచిన పిందెకు పాత నూలుగుడ్డ సంచి వదులుగా తొడిగితే పండు ఈగ బాధ ఉండదు. వేపనూనె కొట్టాల్సి వస్తే సొర, బీర మీద సాయంత్రం వద్దు, పూలు విచ్చుకునే వేళకు ఆ ఘాటుకు పురుగులు దగ్గరికి రావు. పొద్దున ఎండ రాకముందే కొట్టండి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపితే సరిపోతుంది. ఆకులు నల్లగా, బలంగా ఉండి ఆడపూలు తక్కువగా ఉంటే యూరియా, పేడనీళ్ళు పోయడం ఆపి, తీగ ఆరడుగులు పాకాక చిగురు తుంచండి. పక్కకొమ్మల మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి. తొట్టి చిన్నదైతే ఇవేవీ పనిచేయవు. సొరకు కనీసం పాతిక లీటర్ల తొట్టి కావాలి. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులో సొర పెట్టమని చెప్పేవాళ్ళ మాట వినకండి.

ఒక్కటే పాదు ఉంటే కొన్ని రోజులు ఆడపువ్వు విచ్చిన పూటకు మగపువ్వు దొరకదు. వచ్చే సీజన్‌లో రెండు పాదులు పెట్టుకోండి. ఈలోగా చుట్టుపక్కల ఎవరి డాబా మీద సొర ఉందో చూసి, ఆరున్నరకు వెళ్ళి రెండు మగపూలు అడగండి. మా ఎదురింటి పిన్నిగారు వచ్చి అడుగుతారు, తమలపాకులో చుట్టి ఇస్తాను. వాళ్ళ పాదుకు ఈసారి తొమ్మిది కాయలు దిగాయి.