ఇత్తడి గిన్నెకు కళాయి

ప్రశ్న: మా చిన్నప్పుడు గల్లీలో కళాయి (గిన్నెల లోపల తగరం పూత) వేసేవాళ్లు కేకేస్తూ వచ్చేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. అమ్మ వాడిన ఇత్తడి గిన్నెలో చారు కాచుకోవాలని ఉంది. లోపల పూత పోయి పచ్చగా కనిపిస్తోంది. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఇలాగే వాడకండి. పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు మరిగితే రాగి దిగి చిలుము కంపు కొడుతుంది. బేగంబజార్‌లో ఇత్తడి సామాను కొట్లలో అడగండి, కళాయి వేసేవాళ్ల జాడ చెబుతారు. ముందు జిడ్డు, చిలుము పూర్తిగా వదిలించాలి. మరక ఉన్నచోట తగరం అంటదు. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం అనే లవణం పొడి చల్లి (పొగ ఘాటుగా ఉంటుంది, దూరంగా నిలబడండి), తగరం కడ్డీ రాసి, వెంటనే దూదితో లోపలంతా పులుముతారు. సీసం కలవని తగరమేనా అని గట్టిగా అడగండి. అది 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టొద్దు. పోపు వేరే మూకుడులో వేసుకోండి. ఇనుప పీచుతో మాత్రం తోమకండి.