నాన్నకు తుంటి ఆపరేషన్: పూర్తి మత్తు ఇస్తే మతిమరుపు వస్తుందా?

మీ నాన్నగారికి 76 ఏళ్లు, తుంటి ఎముక విరిగి తిరుపతిలో చేర్చారు. మత్తు డాక్టరు పూర్తి మత్తు అంటున్నారు, చుట్టాలేమో వెన్నులో ఇంజెక్షన్ వేయించండి, లేకపోతే మతి పోతుంది అంటున్నారు. ఎవరి మాట వినాలన్నారు. మత్తు డాక్టరు మాటే వినండి.

మా అవ్వది పలమనేరు దగ్గర పల్లె. ఆమెకు కూడా తుంటి ఆపరేషనే. మత్తు వెన్నులోనే ఇచ్చారు. అయినా మరుసటి రాత్రి సెలైన్ సూది పీకేసి, "ఆవు అరస్తా ఉండాది, పాలు పిండల్ల, నన్ను ఇడవండి" అని ఒకటే గోల. ఆ ఆవును అమ్మేసి ఏళ్లయింది. పగలు బాగానే మాట్లాడేది, పొద్దుగూకితే మళ్లీ మొదలు. మా మామయ్య అయితే దిష్టి తీయించాలని నిమ్మకాయలు కూడా తెచ్చాడు. డాక్టర్లు దీన్ని డెలీరియం అన్నారు, అంటే ఉన్నట్టుండి మతి తడబడి కలవరించడం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. పైగా వినికిడి మిషన్ థియేటర్‌కు వెళ్లేముందు తీసినది తీసినట్టే సంచిలో ఉండిపోయింది. ఇన్‌ఫెక్షన్‌కు మందు పడ్డాక, చెవికి మిషన్ పెట్టాక కొద్ది రోజుల్లో తేరుకుంది.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1600 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వెన్ను మత్తయినా, పూర్తి మత్తయినా డెలీరియం సుమారు నూటికి 20 మందిలోనే. వెన్ను మత్తు తీసుకున్నవాళ్లలో చాలామందికి నిద్రమందు కూడా ఇచ్చారు కదా, అందుకే తేడా రాలేదేమో అనిపించవచ్చు. చైనాలో 65 దాటిన 950 మందిలో వెన్ను మత్తు వాళ్లకు నిద్రమందు లేకుండానే చేశారు. 2022లో వచ్చిన ఆ లెక్కల్లో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు.

క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచబడే మాత్ర వేసుకునేవాళ్లకు వెన్నులో సూది వెంటనే వేయడం కష్టం. గుండె కవాటం బాగా ఇరుకైనా, వెన్నెముక వంగిపోయినా డాక్టరు ఇంకోలా ఆలోచిస్తారు. మీవాళ్ల మాట మీద పట్టుబట్టి ఆపరేషన్ వాయిదా పడితే అదే పెద్ద నష్టం.

మత్తు డాక్టరును అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిద్రమాత్రలు, ముఖ్యంగా లోరాజెపామ్ రకం, తప్పించగలరా? నొప్పికి తుంటి దగ్గర నరం మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారా? మూత్రపు గొట్టం ఎప్పుడు తీస్తారు? రాత్రి ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండనివ్వమని కూడా అడగండి. కళ్లద్దాలు, పళ్ల సెట్టు, చెవి మిషన్ ఉంటే మెలకువ రాగానే పెట్టేయండి. ఆయనకు ఇంట్లో మందు తాగే అలవాటుంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి, హఠాత్తుగా మానినా ఇలాగే కలవరిస్తారు.

మూడు నెలలు దాటాక కూడా డబ్బు లెక్కలు తప్పుతున్నా, తెలిసిన దారి మరిచిపోతున్నా న్యూరాలజిస్టుకు చూపించండి. చాలాసార్లు అది ఆపరేషన్‌కు ముందే మెల్లగా మొదలై ఉంటుంది.