కొత్త ముఖాలతో బ్లాక్‌బస్టర్ సాధ్యమేనా? బుకింగ్ కిటికీ వెనక నేను చూసింది

"జనానికి పెద్దగా తెలియని నటులతో తీసిన సినిమా బ్లాక్‌బస్టర్ కాగలదా?" అని అడిగారు. కాగలదు, ఎన్నోసార్లు అయింది కూడా. అయితే ఎక్కువమంది అనుకునే దారిలో కాదు.

మా నాన్న కావలిలో ఒక థియేటర్లో బుకింగ్ క్లర్కు. నేను జవహర్ భారతిలో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. టికెట్లు చింపి ఇవ్వడం, సెకండ్ షో మొదలయ్యాక డీసీఆర్ రాయడం నా పని. ఏ షోకి ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో రాసే రోజువారీ లెక్క కాగితం అది. సినిమా వ్యాపారం గురించి నాకు తెలిసిందంతా ఆ కాగితాలు నేర్పిందే.

పెద్ద హీరో సినిమా వస్తే మొదటి మూడు రోజుల కాగితం చూడనక్కర్లేదు, అన్ని షోలూ నిండేవి. అసలు సంగతి సోమవారం మ్యాట్నీకి తేలేది. శుక్రవారం జనాన్ని హీరో పేరు తెస్తుంది, సోమవారం తేవలసింది సినిమాయే. సోమవారం నేల టికెట్లు సగం కూడా తెగకపోతే నాన్న పెన్ను మూత పెట్టేసి, "గురువారం బాక్సు వెళ్లిపోతుంది" అనేవారు. బాక్సంటే సినిమా రీళ్ల పెట్టె, అది వెళ్లిపోతే మా హాల్లో ఆ సినిమా ఆట ముగిసినట్టే. ఆయన లెక్క తప్పడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

2000లో 'చిత్రం' వచ్చినప్పుడు మాత్రం తప్పింది. దర్శకుడిగా తేజకూ, హీరోగా ఉదయ్ కిరణ్‌కూ అదే తొలి సినిమా. మా ఊళ్లో మొదటి రోజు మ్యాట్నీకి బాల్కనీలో ముప్పై మంది కూడా లేరు. ఫస్ట్ షోకి మా కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. మర్నాడు వాళ్లే మరో పదిమందిని వెంటబెట్టుకొచ్చారు. ఆరో రోజు సెకండ్ షోకి హౌస్‌ఫుల్ బోర్డు నేనే తగిలించాను. పెద్ద హీరోల సినిమాలకు తప్ప బయటకు రాని రేకు బోర్డు అది. దుమ్ము చొక్కా కొసతో తుడిచి, తుప్పు పట్టిన కొక్కేనికి వేలాడదీస్తుంటే నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి చూశారు. ఆ చూపు నాకు ఇంకా గుర్తే.

తర్వాత ఆలోచిస్తే కారణం అర్థమైంది. ముఖాలు కొత్తవే కానీ పాటలు కొత్తవి కావు. ఆర్పీ పట్నాయక్ పాటలు అప్పటికే టీ దుకాణాల్లో, క్యాసెట్ల షాపుల్లో మోగిపోతున్నాయి. హీరో ఎవరో తెలియని కుర్రాడికి కూడా ఆ పాటలు నోటికి వచ్చు. నాకు అర్థమైంది ఇదే: నటులు తెలియకపోయినా ఫరవాలేదు, కానీ జనానికి ముందే తెలిసినది ఏదో ఒకటి అందులో ఉండాలి.

హాలీవుడ్‌లోనూ ఇదే కనిపిస్తుంది. 1978 నాటి 'సూపర్‌మ్యాన్'లో క్రిస్టఫర్ రీవ్ కొత్తవాడు. టైటిల్స్‌లో మాత్రం మార్లన్ బ్రాండో, జీన్ హ్యాక్‌మన్ పేర్ల తర్వాతే ఆయన పేరు పడుతుంది. కథానాయకుడు కొత్తవాడైనా, సూపర్‌మ్యాన్ పాత్ర పిల్లలందరికీ తెలిసినదే. అంతకు ముందు ఏడాది 'స్టార్ వార్స్'లో మార్క్ హామిల్, క్యారీ ఫిషర్ అంతంత మాత్రం తెలిసినవాళ్లు. పేరున్న ఆలెక్ గిన్నెస్ పెద్దమనిషి పాత్రలో ఉన్నారు. హామిల్ వేసిన, పొలాల్లో పెరిగిన కుర్రాడు గెలుస్తాడో ఓడుతాడో తెలియకుండా చూడటం కొత్త ముఖం వల్లే సాధ్యమైంది. పెద్ద హీరో అయితే గెలుస్తాడని టికెట్ కొనేటప్పుడే తెలిసిపోతుంది కదా.

హీరో పేరు కంటే ముందే తెలిసినది జనాన్ని తేవడం 2024 సంక్రాంతికి కళ్లారా చూశాను. జనవరి 12న మహేశ్ బాబు 'గుంటూరు కారం', తేజ సజ్జా 'హనుమాన్' ఒకే రోజు వచ్చాయి. నా మిత్రుడు లీజుకు నడిపే థియేటర్లో పండగ రద్దీకి నేను కౌంటర్లో సాయం కూర్చున్నాను. తుమ్మలపెంట నుంచి ఆటోలో వచ్చిన ఒక పెద్దావిడ కిటికీలో చేయి పెట్టి, "నాయనా, ఇది ఆంజనేయస్వామి సినిమాయేనా?" అని అడిగింది. అవునన్నాను. "స్వామి కనిపిస్తాడా?" "చివర్లో కనిపిస్తాడమ్మా." "అయితే ఆరు ఇవ్వు." హీరో పేరు అడగనే లేదు. 'చూడాలని వుంది'లో, 'ఇంద్ర'లో చిన్నపిల్లవాడిగా చేసిన అబ్బాయే ఈ సినిమా హీరో అని చెబుదామనుకున్నాను, ఆమెకు అవసరం లేదని ఊరుకున్నాను.

మరి ప్రేక్షకుడు పేరు అడగనప్పుడు కొత్తవాళ్లతో భారీ సినిమాలు ఎందుకు తక్కువ? పేరు అడిగేది ప్రేక్షకుడు కాదు, ఏరియాలవారీగా సినిమా హక్కులు కొనే బయ్యరు. సినిమా లెక్కల్లో నెల్లూరు విడిగా ఒక ఏరియా, ఉన్నవాటిలో చిన్నది. పెద్ద హీరో సినిమాకు విడుదల కాకముందే బయ్యరు మినిమం గ్యారంటీ, అంటే సినిమా ఆడినా ఆడకపోయినా నిర్మాతకు దక్కే మొత్తం, ముందే కట్టి హక్కులు తీసుకుంటాడు. నిర్మాత ఆ డబ్బు చూసుకునే వందల కోట్లు ఖర్చుపెట్టగలుగుతాడు. కొత్తవాళ్ల సినిమాకు అలా కట్టేవాళ్లు ఉండరు, ముందుగా ఏమీ కట్టకుండా, వసూళ్లలో కమీషన్ తీసుకునే పద్ధతి మీదే ఆడిస్తామంటారు. నష్టమంతా నిర్మాతదే. అందుకే కొత్త ముఖాలు సాధారణంగా చిన్న బడ్జెట్‌తోనే ఆగిపోతాయి. ఇది ఎంతోమంది మంచి నటుల బతుకులు తేల్చే విషయం, నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కొత్తవాళ్లతో సినిమా తీసేవాళ్లకు నా సలహా: మొదటి వారం థియేటర్ల సంఖ్య కోసం పాకులాడకండి. 'స్టార్ వార్స్' కూడా అమెరికాలో మొదటి రోజు 32 థియేటర్లలోనే విడుదలైంది. జిల్లాలో నాలుగు థియేటర్లు దొరికినా చాలు, కానీ రెండో వారం కూడా మీదేనని ఒప్పందంలో ముందే రాయించుకోండి. మా ఊళ్లో 'చిత్రం' బాక్సు మూడో రోజే వెళ్లిపోయి ఉంటే, ఆ రేకు బోర్డు దుమ్ములోనే ఉండిపోయేది.