తిండికి ఏ ఊరు మేలు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మావారికి కంపెనీ మూడు ఊళ్లు చెప్పి ఒకటి ఎంచుకోమంది. న్యూయార్క్, చికాగో, హ్యూస్టన్. జీతం, స్కూళ్ల లెక్కలు ఎలాగూ చూసుకుంటాం. కానీ మా ఇంట్లో నలుగురమూ భోజనప్రియులం, వారానికి రెండుసార్లయినా బయట తింటాం. మిషెలిన్ గైడ్ గొప్ప హోటళ్లకి ఇచ్చే స్టార్లు చూస్తే న్యూయార్క్ ఎక్కడో పైనుంది, హ్యూస్టన్ కింద ఉంది. ఆ స్టార్లను బట్టి నిర్ణయించుకోవచ్చా? (ఒక పాఠకురాలు, ఓహాయో)

జవాబు: వద్దమ్మా, స్టార్లను బట్టి మాత్రం వద్దు. ఆ గైడ్ న్యూయార్క్‌కి 2005లోనే వచ్చింది, టెక్సస్‌కి 2024లో గానీ రాలేదు. అంటే అంతవరకూ హ్యూస్టన్‌లో మంచి వంట లేదనా? ఈమధ్య చాలా రాష్ట్రాల్లో అక్కడి పర్యాటక సంస్థలు డబ్బు పెట్టుకుంటేనే ఆ గైడ్ వస్తోంది. న్యూ ఆర్లీన్స్ లాంటి ఊరికే 2025 దాకా రాలేదంటే ఇంక చూసుకోండి. పైగా ఆ స్టార్ వచ్చిన హోటల్‌కి మీరు ఏడాదికి ఒకసారి, పెళ్లిరోజుకో పుట్టినరోజుకో వెళ్తారు. మంగళవారం రాత్రి ఇంట్లో వండే ఓపిక లేనప్పుడు ఎక్కడికి వెళ్తారు, నలుగురికీ కలిపి ఎంతవుతుంది, అన్నదే అసలు లెక్క.

ఆ లెక్కన నా ఓటు హ్యూస్టన్‌కి. ఆ ఊళ్లో మిగతా పెద్ద ఊళ్లలోలాగా ఇక్కడ ఇళ్లు, అక్కడ దుకాణాలు అనే జోనింగ్ చట్టం లేదు, స్థలానికి కొదవ లేదు. అందుకే కొత్తగా వలస వచ్చిన కుటుంబం కూడా రోడ్డు పక్కన వరసగా దుకాణాలుండే ఏదో ఒక స్ట్రిప్ మాల్‌లో, లాండ్రీ పక్కనో నెయిల్ సెలూన్ పక్కనో చిన్న హోటల్ పెట్టుకోగలుగుతుంది. 1975లో యుద్ధం ముగిశాక వియత్నాం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. బెల్లేర్ బులవార్డ్ మీద కారులో వెళ్తుంటే మైళ్ల పొడవునా వియత్నామీస్, చైనీస్ బోర్డులే. ఆ వియత్నాం వాళ్లు లూసియానా నుంచి వచ్చిన, రొయ్యల్లాంటి క్రాఫిష్‌ని తీసుకుని, ఆ రాష్ట్రపు ఘాటైన కేజన్ మసాలాలో ఉడికించి, పైన బోలెడు వెన్న, వెల్లుల్లి వేసి తమ పద్ధతిలో కొత్త వంట చేశారు. వసంతకాలంలో సీజన్. నేను మొదటిసారి తిన్న తరవాత రెండు రోజుల దాకా చేతులకి వెల్లుల్లి వాసన పోలేదు, అయినా మర్నాడు మళ్లీ వెళ్లాను. హిల్‌క్రాఫ్ట్ దగ్గర మన దేశం, పాకిస్తాన్ వాళ్ల దుకాణాలున్న ప్రాంతానికి 2010లో మహాత్మాగాంధీ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. నైజీరియా వంటలు కావాలన్నా ఇక్కడ వెతుక్కోనక్కర్లేదు, టమాటాలతో వండే వాళ్ల జొలాఫ్ రైస్ మన కారం అలవాటున్న నోటికి వెంటనే నచ్చుతుంది. కష్టమల్లా ఒకటే, కారు లేకపోతే ఆ ఊళ్లో ఏమీ తినలేరు.

న్యూయార్క్ గొప్పదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ దాని గొప్పతనం మన్‌హాటన్ ఖరీదైన హోటళ్ల కంటే, ఆ ఊళ్లోనే ఇంకో భాగమైన క్వీన్స్‌లో ఎక్కువ కనిపిస్తుంది. టైమ్స్ స్క్వేర్‌లో 7వ నంబర్ రైలెక్కి జాక్సన్ హైట్స్‌లో దిగితే టిబెటన్, నేపాలీ మోమోలు, ఈక్వడార్, కొలంబియా తిళ్లు, బంగ్లాదేశ్ చేపల పులుసు, అన్నీ నాలుగు వీధుల్లోనే. అదే రైల్లో చివరిదాకా వెళితే ఫ్లషింగ్, అక్కడి గణేశుడి గుడి కింద క్యాంటీన్‌లో దోశ తినడానికి హిందువులు కానివాళ్లు కూడా వస్తారు. కారు అక్కర్లేదు, అర్ధరాత్రి కూడా ఏదో ఒకటి తెరిచి ఉంటుంది. ఆ ఇంటద్దెలు కట్టాక వారానికి రెండుసార్లు నలుగురు బయట తినడానికి చేతిలో ఎంత మిగులుతుందో మాత్రం మీరే ముందుగా లెక్క వేసుకోండి.

చికాగో ఈ రెంటికీ మధ్యన. లోతైన పళ్లెంలో మందంగా చేసే డీప్ డిష్ పిజ్జా 1943లో అక్కడ పుట్టింది, అందరూ దాని గురించే చెబుతారు, కానీ ఊరివాళ్లు మామూలు రోజుల్లో తినేది పల్చటి కరకరలాడే పిజ్జా, చతురస్రాలుగా కోసి ఇస్తారు, నాకు అదే ఎక్కువ ఇష్టం. మెక్సికన్ వంటకి పిల్సెన్, మన వంటకి డెవాన్ అవెన్యూ. రైళ్లున్నాయి. జనవరి చలిలో బయటికి వెళ్లి తినాలనిపిస్తుందా అన్నది మీ నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి.

ఇంకో మాట. మంచి బిర్యానీ దొరుకుతుందా లేదా అని ఊరు ఎంచుకోకండి, మన జనం ఉన్న ప్రతిచోటా ఇప్పుడు బిర్యానీ ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకనిది ఏముందో చూడండి.

ప్రశ్న: మా అత్తగారిని న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్తున్నాం, మూడు రోజులు. ఆవిడ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినరు. ఆవిడకి తిండి దొరుకుతుందా అని టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: దొరుకుతుంది, కానీ అడిగే తీరు మార్చుకోవాలి. "ఇది వెజ్జేనా" అని అడిగితే సరిపోదు, పైన మాంసం ముక్కలు లేకపోతే వెజ్ అనేస్తారు. "చికెన్ స్టాక్ వేశారా, పంది కొవ్వు వేశారా, గుడ్డు ఉందా" అని విడివిడిగా అడగండి. అమెరికాలో తనదంటూ ఒక వంట ఉన్న ఊరు ఏదంటే నేను మొదట న్యూ ఆర్లీన్స్ పేరే చెబుతాను. ఫ్రెంచ్, స్పానిష్, ఆఫ్రికన్ వంటలు ఒకే పొయ్యి మీద కలిసిన ఊరది. 1840లో పెట్టిన ఆంట్వాన్స్ హోటల్ ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ ఊరి చిక్కటి పులుసు గుంబో, ఆ మాటే బెండకాయకి ఆఫ్రికా భాషల్లో ఉన్న పేరు నుంచి వచ్చిందంటారు. అలాగని ఆవిడ గుంబో తినగలరనుకోకండి, దాంట్లో సాసేజో కోడో రొయ్యలో ఉంటాయి. ఆకుకూరలతో చేసే గుంబో జెర్బ్ అని ఒకటుంది, పేరు వినగానే ఆశ పుడుతుంది గానీ చాలాచోట్ల దాంట్లోనూ మాంసం వేస్తారు. సోమవారం వండే రెడ్ బీన్స్ అన్నం మన రాజ్మాలా కనిపిస్తుంది, అందులోనూ పంది ఎముక ఉడుకుతుంది. నూనెలో వేయించి పైన చక్కెర పొడి చల్లే బెన్యే పిండిలో గుడ్డు ఉండొచ్చు.

మరి ఏం పెడతారంటారా? ఊరికి తూర్పున వియత్నాం వాళ్ల బేకరీలు, హోటళ్లు ఉన్నాయి. అక్కడ టోఫు పెట్టిన బాన్ మీ శాండ్‌విచ్ దొరికితే బ్రహ్మాండంగా ఉంటుంది, ఫిష్ సాస్, మయోనీస్ వద్దని మాత్రం ముందే చెప్పండి. ప్రాలీన్ అని పీకాన్ పప్పులు, చక్కెర, పాలమీగడ కలిపి చేసే మిఠాయి ఉంది. అచ్చం కోవాలా నోట్లో కరిగిపోతుంది, ఆవిడకి తప్పకుండా నచ్చుతుంది. గదికి చిన్న వంటిల్లు ఉండేలా చూసుకుంటే రాత్రిపూట పెరుగన్నం మీరే కలిపి పెట్టొచ్చు, అదేం తక్కువ కాదు.

ప్రశ్న: టిప్పు అన్ని ఊళ్లలో ఒకేలా ఇవ్వాలా? (ఒక విద్యార్థి, షార్లట్)

జవాబు: కూర్చుని తిని, సర్వర్ తెచ్చిపెట్టే చోట ఎక్కడైనా 18 నుంచి 20 శాతం ఇవ్వండి. టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం కేంద్ర చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు, 1991 నుంచి అది మారలేదు. టిప్పులతో కలిపి కూడా మామూలు కనీస వేతనం 7.25కి చేరకపోతే మిగతాది యజమాని కలపాలి. టెక్సస్‌లో ఇప్పటికీ ఆ 2.13 చెల్లుతుంది, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. అయినా అక్కడా అలవాటు 20 శాతం దగ్గరే ఉంది. ట్యాక్స్ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో 8.875 శాతం, హ్యూస్టన్‌లో 8.25, ఆరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో సేల్స్ ట్యాక్సే లేదు. టిప్పు లెక్క ట్యాక్స్ కలపక ముందున్న మొత్తం మీద వేసుకోండి. కౌంటర్ దగ్గర కాఫీ తీసుకున్నప్పుడు తెర మీద 25 శాతం అని కనిపించినా మొహమాటపడక్కర్లేదు, అది మీ ఇష్టం. ఆరుగురో అంతకు మించో కలిసి వెళ్లినప్పుడు బిల్లు కింద గ్రాట్యుటీ (అంటే టిప్పే) అని ముందే వేశారేమో చూడండి, వేసి ఉంటే మళ్లీ విడిగా ఇవ్వక్కర్లేదు.