ఆర్గాన్ సిలిండర్ ఉన్న షెడ్డులో పడక వద్దు

ప్రశ్న: ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టీలు గేట్లు, రెయిలింగులు చేస్తుంటాను. ఆర్గాన్ వెల్డింగ్ మొదలుపెడదామని ఉంది. పాత ఇనుము కొట్టులో నీలం రంగు సిలిండర్ చవగ్గా దొరుకుతోంది, తీసుకోవచ్చా? గాలి తగిలితే అతుకు చెడిపోతుందంటారు, తలుపులు మూసి పని చేయాలా? రాత్రిళ్లు సామాన్లకు కాపలాగా మా నాయన అక్కడే చాపేసుకుని పడుకుంటాడు, ఏమన్నా ఇబ్బందా?

జవాబు: మీరు ఆఖర్న అడిగిందే అన్నిటికన్నా ముఖ్యం. సిలిండర్ ఇంటికి రాకముందే మీ నాయన పడక అక్కడినుంచి మార్చేయండి. ఆర్గాన్ అంటే వెల్డింగ్‌లో అతుకుకు గాలి తగలకుండా కప్పి ఉంచే గ్యాస్, అది విషం కాదు, మండదు, రంగూ వాసనా లేదు, కానీ గాలికంటే దాదాపు 1.4 రెట్లు బరువు, కాబట్టి లీకైతే ముందు నేల మీదే, అంటే సరిగ్గా ఆయన చాప ఎత్తులోనే చేరుతుంది. ఊపిరాడకపోతే మెలకువ వస్తుందిలే అనుకోవద్దు. మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు, ఆర్గాన్ పీల్చినా ఆ కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంది కాబట్టి, ఆక్సిజన్ అందక ఏ ఇబ్బందీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. అలా ఎవరైనా పడిపోయి కనిపిస్తే లోపలికి పరిగెత్తకండి, వెళ్లినవాళ్లూ పడిపోతారు, ముందు తలుపులన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలి.

అందుకే తలుపులు మూయడం కూడా వద్దు. గాలి తగలకూడనిది అతుకు దగ్గర మాత్రమే, దానికి గాలి వచ్చే వైపు ఒక రేకు అడ్డం పెట్టుకుంటే చాలు. ఎండాకాలం ఫ్యాన్ లేకుండా మన దగ్గర పని జరగదు, నాకు తెలుసు, దాన్ని అతుకు మీదికి కాకుండా తిప్పుకోండి.

పాత ఇనుము కొట్టు సిలిండర్ మాత్రం ఎంత చవకైనా వద్దు. నీలం ఆర్గాన్ సిలిండర్ రంగే, కానీ ఆ రంగు ఎవరైనా వేస్తారు, లోపల ఇంతకుముందు ఏ గ్యాస్ ఉండేదో ఎవరు చెప్పాలి? సిలిండర్ మెడ దగ్గర పరీక్ష తేదీ గుద్ది ఉంటుంది, అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి, గడువు దాటినదాన్ని నింపకూడదు. గ్యాస్ డీలరు దగ్గర డిపాజిట్ కట్టి తీసుకుంటే ఆ తలనొప్పి ఆయనది. 47 లీటర్ల పెద్ద సిలిండర్‌లో 150 బార్ ఒత్తిడి దగ్గర 7 ఘనపు మీటర్ల, అంటే 7,000 లీటర్ల గ్యాస్ పడుతుంది, నిమిషానికి 8 లీటర్ల చొప్పున వాడితే 14 గంటలు దాటి వస్తుంది. 10 లీటర్లది సుమారు మూడు గంటలే, నేర్చుకునేటప్పుడు అది చాలు.

తెచ్చేటప్పుడు వాల్వ్ మీద మూత బిగించి, ట్రాలీ ఆటోలో నిలబెట్టి కట్టి తెండి, బండి మీద అడ్డంగా వేసుకుని రావద్దు. కిందపడి వాల్వ్ విరిగిందంటే ఆ ఒత్తిడికి అంత బరువు సిలిండరూ దూసుకుపోతుంది. ఇంటి దగ్గర షెడ్డు బయట నీడలో గోడకు గొలుసుతో కట్టి, పైపు ఒక్కటే లోపలికి తీసుకుంటే అన్నిటికన్నా మేలు. పని అయ్యాక చేతిలోని వెల్డింగ్ టార్చ్ ఆపితే సరిపోదు, సిలిండర్ వాల్వ్ మూసేయాలి. లీకు చూడాలంటే అలా మూసేశాక రెగ్యులేటర్ మీద ఒత్తిడి చూపే ముల్లు అరగంట గమనించండి, కిందికి జారుతుంటే జాయింట్లకు సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి.