ఐ-29 కథ రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. 1944 జులైలో జపాన్ జలాంతర్గామి ఐ-29 మునగకుండా ఇల్లు చేరి ఉంటే ఏమయ్యేదన్న ఊహ నాకు నచ్చింది. నిజంగా జరిగినదానికి జానెడు దూరంలో మలుపు పట్టుకున్నావు. చిక్కల్లా ఆ తర్వాతే. జర్మన్లు కాగితాలిచ్చారు, జపాన్‌వాళ్లు జెట్‌లు ఎగరేశారు అని రెండు వాక్యాల్లో తేల్చేశావు. నేను చదవాలనుకున్న కథంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది.

జరిగింది మళ్లీ చూడు. ఐ-29 ఫ్రాన్స్ రేవు లోరియాన్ నుంచి జర్మన్ రాకెట్ విమానం మీ-163, జెట్ విమానం మీ-262ల కాగితాలు, సామగ్రితో జులై 14న సింగపూర్ చేరింది. ఇవాయా అనే నౌకాదళ అధికారి కొన్ని కాగితాలు తీసుకుని అక్కడ దిగి, విమానంలో టోక్యో వెళ్లాడు. మిగతా సరుకుతో కదిలిన ఐ-29ని అమెరికా జలాంతర్గామి సాఫిష్ జులై 26న ముంచేసింది. ఇవాయా తెచ్చిన వాటిలో బీఎండబ్ల్యూ 003 అనే జర్మన్ జెట్ ఇంజన్‌ను కోసి చూపినట్టు గీసిన బొమ్మ ఒకటుంది. దాన్ని ముందు పెట్టుకుని జపాన్ ఇంజనీర్లు నే-20 ఇంజన్ చేశారు. దాంతో కిక్కా జెట్ 1945 ఆగస్టు 7న, అంటే హిరోషిమా మర్నాడు, తొలిసారి ఎగిరింది.

ఇప్పుడు ఐ-29ని బతికించు. ఇంకొన్ని కాగితాలు చేతికొస్తాయి, సరే. జెట్ ఇంజన్ వేడిని తట్టుకునే లోహానికి కావాల్సిన నికెల్ ఎక్కడిది? ఫ్యాక్టరీల మీద బాంబులు ఆగుతాయా? 1944 డిసెంబర్ 7 భూకంపానికి నగోయా విమాన ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. దాన్ని జలాంతర్గామి ఆపలేదు కదా!

పూర్తి కాగితాలు, ముందుగానే, లైసెన్సుతో సహా దొరికితే ఏమవుతుందో కూడా చరిత్రలోనే ఉంది. జర్మన్ విమాన ఇంజన్ డీబీ 601కు జపాన్ సైన్యం కోసం కవాసాకి, నౌకాదళం కోసం ఐచి విడివిడిగా లైసెన్సులు తీసుకున్నాయి. ఒకే దేశం, ఒకే ఇంజన్, రెండు బేరాలు! ఈ ఒక్క విషయం మీదే నువ్వు నవల రాయొచ్చు. కవాసాకి ఆ ఇంజన్‌తో హియెన్ ఫైటర్ కట్టింది. క్రాంక్‌షాఫ్ట్, బేరింగుల గొడవలు మాత్రం వదల్లేదు. చివరికి ఇంజన్ల కోసం ఎదురుచూస్తూ ఫ్యాక్టరీలో విమానాల బాడీలు పేరుకుపోయాయి. వాటిలో 275కి స్వదేశీ రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉండే రకం) బిగించారు. అదే కి-100, మంచి ఫైటర్‌గా పేరు తెచ్చుకుంది. మిత్రుడిచ్చిన ఇంజన్ తీసేశాకే విమానం కుదురుకుంది. నీ పాత్రల్లో ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒకడు ఎందుకు లేడు?

అవతలి పక్షం, అంటే బ్రిటన్, అమెరికా కూడా తేలిగ్గా నెట్టుకురాలేదు. బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ వాళ్ల విమాన ఇంజన్ మెర్లిన్‌ను చేయడానికి 1940లో అమెరికా కార్ల కంపెనీ ప్యాకార్డ్ ఒప్పుకున్నాక, బ్రిటిష్ డ్రాయింగులన్నీ అమెరికా పద్ధతిలో తిరగ గీయాల్సి వచ్చింది. విడిభాగాలు రెండు దేశాల్లోనూ సరిపోవాలని థ్రెడ్లు మాత్రం బ్రిటిష్‌వే ఉంచి, వాటిని కోసే ట్యాపులు కంపెనీ సొంతంగా చేసుకుంది. ముస్టాంగ్ ఫైటర్ పుట్టింది కూడా బ్రిటిష్‌వాళ్లు పీ-40 అనే అమెరికా ఫైటర్లు కట్టివ్వమంటే, నార్త్ అమెరికన్ కంపెనీ అంతకన్నా మంచిది చేస్తామనడం వల్ల. మొదటి ముస్టాంగ్‌కు బాగా ఎత్తుకెళ్తే ఊపిరాడేది కాదు. 1942 ఏప్రిల్ 30న రోల్స్ రాయిస్ పైలట్ రోనీ హార్కర్ దాన్ని నడిపి, ఎత్తులోనూ బలం తగ్గని మెర్లిన్ 61 పెట్టి చూడమన్నాడు.

హార్కర్ ఆ రోజు జ్వరంతో పడుకున్నాడనుకో. ఇంకెవరికో ఆ ఆలోచన తట్టేది, కానీ ఎన్ని నెలలకు? మెర్లిన్ ముస్టాంగ్ లేని ఆ నెలల్లో బెర్లిన్ వెళ్లే బాంబర్లకు ఎస్కార్ట్ ఎవరు? నా మటుకు నీ జలాంతర్గామి కన్నా ఈ జ్వరం మీద ఎక్కువ ఆశ ఉంది.

విశాఖ మీదకు కిక్కాలొచ్చే ముగింపు తీసెయ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖ, కాకినాడల మీద పడ్డ మాట నిజమే. అవి విమానవాహక నౌక నుంచి వచ్చాయి. 1945లో అండమాన్ ఇంకా జపాన్ చేతిలోనే ఉన్నా, పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. కిక్కాకు ఒకవైపు రావడానికే ఇంధనం చాలదు. మన ఊరు కథలోకి రావాలన్న సరదా నాకూ తెలుసు, కానీ ఇక్కడ అతికించినట్టుంది.

ఇవాయా సింగపూర్‌లో ఏ కాగితాలు తీసుకోవాలో, ఏవి ఓడలో వదిలేయాలో ఎంచుకునే రాత్రి నుంచి మొదలుపెట్టి తిరగరాయి. నీ మలుపు అక్కడ పెట్టు. పండగలోపు పంపితే చూస్తాను.

మీ అన్నయ్య