2,70,000 పెట్టి స్పెషల్ ఎడిషన్ బేస్ గిటార్ కొనొచ్చా?

ప్రశ్న: హన్మకొండలో ఉంటాను. ఆదివారాలు చర్చిలో, లగ్గాల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. ఇప్పుడున్నది 22,000 గిటార్. ఒక పెద్ద కంపెనీ జాజ్ బేస్ లిమిటెడ్ ఎడిషన్ 2,70,000కు వస్తోంది. అదే కంపెనీ మామూలు మోడల్ 1,60,000. ఏది తీసుకోవాలి?

జవాబు:

మీరు తేల్చుకోవాల్సింది 2,70,000 సంగతి కాదు, ఈ రెండింటి మధ్య ఉన్న 1,10,000 సంగతి. రెండు మోడళ్ల వివరాలు పక్కపక్కన పెట్టుకొని, తేడా ఉన్నవి మాత్రమే ఒక కాగితం మీద రాయండి. కొత్త రంగు, తలకు (స్ట్రింగ్స్ బిగించే పై కొసకు) కూడా అదే రంగు, వెనక నంబరు కొట్టిన ప్లేటు, సంతకం పెట్టిన సర్టిఫికెట్, లోపల మఖ్మల్ వేసిన పెట్టె. కాగితం మీద ఇవే మిగిలితే ఆ లక్షా పదివేలు షోకుకు పోతున్నట్టు. షోకు తప్పని అనను, కానీ దానివల్ల సౌండు మారుతుందని మాత్రం అనుకోవద్దు. ఇంక కొత్త గిటార్‌ను ఫ్యాక్టరీలోనే గీకి, రంగు లేపి, పాతదానిలా చేసి ఎక్కువ రేటుకు అమ్మే మోడళ్లున్నాయి. గీతలు ఎలాగూ రెండేళ్లలో మీరే ఉచితంగా వేసుకుంటారు.

కాగితం మీద వేరే మాటలు కనబడితే ఆగి ఆలోచించాలి. నెక్ (వేళ్లతో స్ట్రింగ్స్ నొక్కే పొడుగాటి చెక్క) రోస్టెడ్ మేపుల్‌దా? అంటే ఆ చెక్కను ముందే వేడిచేసి అందులోని తేమను వదిలించారు, కాబట్టి మన వానాకాలానికి, ఎండాకాలానికి తక్కువ కదులుతుంది. నెక్ లోపల గ్రాఫైట్ కడ్డీలున్నాయా? ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే సన్నటి కడ్డీలు) స్టెయిన్‌లెస్ స్టీలువా? బ్రిడ్జి (కింది వైపు స్ట్రింగ్స్ ఆనే చోటు) దగ్గరి పికప్, అంటే స్ట్రింగ్ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం, 1970ల పద్ధతిలో ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి పెట్టారా? ఇవి చేతికి, చెవికి తెలిసే తేడాలు. వీటికి కొంత ఎక్కువ పెట్టడంలో అర్థముంది. అప్పుడు కూడా లక్షా పదివేలు పిరమే.

"లిమిటెడ్ ఎడిషన్ కదా, పదేళ్లకు రేటు పెరుగుతది" అని అమ్మేవాడు చెప్తాడు. జాజ్ బేస్, ప్రెసిషన్ బేస్ అనే మోడళ్లు తెచ్చిన ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ అనే పెద్ద కంపెనీకి అమ్మేశారు. అంతకు ముందటి గిటార్లకు ఇప్పుడు విపరీతమైన ధర పలుకుతున్న మాట నిజమే. కానీ వాటిని దాచిపెట్టడానికి ఎవరూ చేయలేదు. జనం వాయించారు, విరగ్గొట్టారు, రంగులు మార్చారు, మంచి స్థితిలో కొన్నే మిగిలాయి. ఇప్పటి నంబరు ప్లేటు గిటార్లు పెట్టెల్లోంచి బయటికే రావు, కాబట్టి ఇరవై ఏళ్లకు కూడా అన్నీ కొత్తగానే ఉంటాయి, అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు. పైగా వరంగల్‌లో రెండున్నర లక్షల సెకండ్ హ్యాండ్ బేస్ కొనేవాణ్ని ఎక్కడ వెతుకుతారు? పేరున్న వాళ్లు వాయించినవి కూడా లిమిటెడ్ ఎడిషన్లు కావు. అమెరికా బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు వాయించింది 1962 నాటి మామూలు ప్రెసిషన్ బేస్. ఇంకో పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ నెక్‌కు, పడవలకు పూసే ఎపాక్సీ అనే గట్టి పూత పూశాడు. రెండూ దుకాణంలో అందరికీ దొరికిన సరుకే.

ఇప్పుడు అసలు విషయం. బేస్ అంటే నెక్. ఒకే మోడల్, ఒకే ఫ్యాక్టరీ, ఒకే రోజు తయారైన రెండు గిటార్ల నెక్‌లు కూడా ఒకలా ఉండవు, ఎందుకంటే చెక్క ఒకలా ఉండదు. అందుకే ఈ ధరలో వస్తువును చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టొద్దు. పొద్దున కాజీపేటలో బండెక్కితే సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సాయంత్రానికి ఇంటికొస్తారు. దుకాణంలో ఒక అరగంట అడగండి. ఇవ్వనంటే వేరే దుకాణం చూసుకోండి.

యాంప్ ఆన్ చేయనీయకండి. ముందు ట్యూన్ చేసి, తల వైపు నుంచి నెక్ పొడుగునా ఒంటి కంటితో చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా వంగాలి, మెలిక ఉండకూడదు. మెలికను ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) సరిచేయలేదు. తర్వాత ఇ స్ట్రింగ్‌ను (అన్నిటికన్నా లావుదాన్ని) మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టండి. 8వ ఫ్రెట్ పైన, స్ట్రింగ్ కింద ఎంత సందుందో చూడండి. 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు, ఒక విజిటింగ్ కార్డు దూరేంత. అంతకన్నా ఎక్కువుంటే నెక్ ముందుకు వంగింది, అసలు సందే లేకపోతే నిటారుగానో, వెనక్కి వంగో ఉంది. ఇది లోపం కాదు, ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. అయితే ఆ నట్టు రెండు వైపులా తిరుగుతుందో లేదో దుకాణం వాళ్లతోనే తిప్పించి చూడండి. కొత్త గిటార్‌లోనే నట్టు చివరిదాకా బిగిసిపోయి ఉంటే వదిలేయండి. నెక్ సరిగ్గా ఉన్నాక 17వ ఫ్రెట్ దగ్గర ఇ స్ట్రింగ్ ఎత్తు 2.4 మిల్లీమీటర్లు, జి స్ట్రింగ్ (అన్నిటికన్నా సన్నది) 2 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే బ్రిడ్జి దగ్గర తగ్గించొచ్చు, కాబట్టి ఎత్తు చూసి గిటార్‌ను తిట్టకండి.

తర్వాతిది అందరూ దాటేసే పరీక్ష. జి స్ట్రింగ్ మీద మొదటి ఫ్రెట్ నుంచి 12 దాకా ఒక్కో స్వరం వాయించి, ఆగిపోయేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఒకే బలంతో వాయించాలి, మధ్యలో మాట్లాడొద్దు. నాలుగో ఫ్రెట్ మీద ఆరేడు సెకన్లు మోగుతుంది. ఐదు, ఆరు, ఏడు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట టక్కుమని మొదలై, రెండు సెకన్లకే గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. దాన్ని డెడ్ స్పాట్ అంటారు. నెక్‌కు తనదైన ఒక కంపనం ఉంటుంది. ఆ స్వరం దానితో కలిసినప్పుడు స్ట్రింగ్ బలాన్నంతా నెక్ మింగేస్తుంది. నమ్మకం కుదరకపోతే అదే స్వరం మళ్లీ వాయిస్తూ దుకాణంవాణ్ని గిటార్ తలను గట్టిగా పట్టుకోమనండి. వెంటనే తేడా వస్తుంది. స్ట్రింగ్స్ మార్చినా, ఖరీదైన పికప్ వేసినా ఇది పోదు. తలకు ఒక బరువైన క్లాంప్ బిగిస్తే కొంచెం పక్క ఫ్రెట్‌కు జరుగుతుంది, అంతే. దాదాపు అన్ని జాజ్, ప్రెసిషన్ బేస్‌లకూ ఇది ఎంతో కొంత ఉంటుంది, కానీ ఒకదానిలో వినీ వినపడనట్టు ఉంటే ఇంకోదానిలో పాటనే చెడగొడుతుంది. డి స్కేలులో పాట పాడేటప్పుడు ఏడో ఫ్రెట్ మీది డి చచ్చిపోతే మీరెంత గట్టిగా వాయించినా ఆ స్వరం నిలబడదు. 1,60,000 గిటార్‌లో ఈ డెడ్ స్పాట్ చిన్నగా ఉండి, 2,70,000 దానిలో పెద్దగా ఉంటే ఇంక ఆలోచించేదేముంది?

ఆ తర్వాత అరచేతిని నెక్ అంచు మీద పైకీ కిందికీ జరపండి. ఫ్రెట్ల కొసలు గీరుకుంటే చెక్క ఎండి కుంచించుకుపోయింది. బెల్టు వేసుకొని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. తల కిందికి వాలితే మూడు గంటల ప్రోగ్రాంలో ఎడమ భుజం పని అయిపోతుంది. బరువు 4.5 కిలోలు దాటిందా, అది వద్దు.

ఇప్పుడు యాంప్ పెట్టండి. జాజ్ బేస్‌లో రెండు వాల్యూములూ నిండా ఉంటే హమ్ తగ్గుతుంది, ఒకటి తగ్గిస్తే గుయ్‌మంటుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉండే) పికప్‌ల గుణమే అది. స్ట్రింగ్స్‌ను ముట్టుకుంటే హమ్ తగ్గాలి. ముట్టుకున్నప్పుడు పెరిగితే లోపల వైరింగ్ తప్పు. దుకాణం గదిలో ఒక స్వరం గుమ్మంటే అది గిటార్ గొప్ప అనుకోవద్దు. 13 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 43 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. అది ఇ స్ట్రింగ్ మొదటి ఫ్రెట్ మీది ఎఫ్. మన ఇళ్లల్లో కూడా గదులు ఆ కొలతలకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఇంటికి తెచ్చాక ఎఫ్ మోతకు కంగారు పడకండి, యాంప్‌ను మూల నుంచి జరపండి.

ఫంక్షన్ హాల్ సంగతి కూడా చెప్పుకోవాలి, మీరు లగ్గాల్లో వాయిస్తారు కాబట్టి. అక్కడ మీ బేస్ డీఐ బాక్సులోంచి (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న డబ్బా) మిక్సర్‌లోకి పోతుంది. డీజే పాటల కోసం సబ్ వూఫర్లను ముందే ఎత్తి పెట్టి ఉంటారు. సౌండు చూసే అన్న "బేస్" అనే మాట వినగానే "లో" (కింది స్వరాల) నాబ్ మొత్తం తిప్పుతాడు. ఇ స్ట్రింగ్ ఖాళీగా మోగితే 41 హెర్ట్జ్. ఆ మోతలో మీ రెండు లక్షల పికప్‌కూ ఇరవై వేల పికప్‌కూ తేడా ఆ దేవునికే తెలియాలి. దండం పెట్టి "లో" తగ్గించి 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచమనండి, అప్పుడు స్వరం వినపడుతుంది. అంతకన్నా ముందు ఎర్త్ చూపించండి. ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టి జనరేటర్‌కు కలిపే అలవాటు మన దగ్గర మస్తుగా ఉంది. స్ట్రింగ్స్ మీద చెయ్యి ఉండగా మైకుకు పెదవి తగిలి జివ్వుమందంటే అది నవ్వుకునే విషయం కాదు, ప్రాణం పోతుంది. ఇంట్లో కూడా ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయాలి.

బయటి దేశం నుంచి తెప్పించుకుంటే అగ్గువ పడుతుందని కొందరు చెప్తారు. గిటార్ ధర, రవాణా, బీమా కలిపి దాని మీద దిగుమతి సుంకం, ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ పడుతుంది. ఫ్రెట్లు ఉండే పలక రోజ్‌వుడ్‌దైతే భయం లేదు, తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి సైట్స్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ అక్కర్లేదు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అని రాసి ఉంటే మాత్రం ముట్టుకోకండి, దానికి ఆ సడలింపు లేదు.

నా లెక్క ఇది. డెడ్ స్పాట్ తక్కువున్న 1,60,000 మోడల్ తీసుకోండి. మిగిలినదాంట్లో మంచి డీఐ బాక్సు, గట్టి కేసు, 45 నుంచి 105 గేజ్ స్ట్రింగ్స్ మూడు సెట్లు కొని, ఫ్రెట్ లెవలింగ్ (ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకు అరగదీయడం) తెలిసినవాళ్లతో ఒకసారి సెటప్ చేయించండి. ఆ పని ఫర్నిచర్ వడ్రంగికి మాత్రం ఇవ్వకండి. మన దగ్గర తబలా, డోలక్ మంచిగా చేసేవాళ్లున్నారు కానీ ఫ్రెట్ ఆకురాయి పట్టేవాళ్లు దొరకడం కష్టం. దీనికీ సికింద్రాబాద్ దారే.

ఇంటికి తెచ్చినంక కూలర్ ఉన్న గదిలో గోడకు వేలాడదీయొద్దు. మే నెలలో బయట 44 డిగ్రీలు, తేమ లేదు. కూలర్ ముందు తేమ ఒక్కసారిగా ఎక్కుతుంది. చెక్క రోజూ ఉబ్బి కుంచించుకుపోతుంటే వారానికోసారి ట్రస్ రాడ్ తిప్పుకుంటూ కూర్చోవాలి. కేసులో పెట్టండి, లోపల తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు వేసి 45 నుంచి 55 శాతం మధ్య ఉందో లేదో చూడండి. మీ మనసు ఆ లిమిటెడ్ ఎడిషన్ మీదే ఉండి, దానికి నైట్రోసెల్యులోజ్ రంగు ఉంటే ఇంకో జాగ్రత్త: మామూలు స్టాండ్ రబ్బరు ఆ రంగును కరిగించి మచ్చ చేస్తుంది, నూలు బట్ట చుట్టండి. పార్సిల్ ఎండలో వచ్చినరోజు కేసును వెంటనే తెరవకుండా రాత్రంతా గదిలోనే ఉంచండి, లేకపోతే రంగు పగుళ్లు పట్టే అవకాశముంది.